గుద్దు ఒకటే, శిక్ష వేరు: ఐస్ హాకీపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అమెరికా, కెనడాలలో జరిగే నేషనల్ హాకీ లీగ్ మ్యాచ్‌లను ఈ మధ్యనే చూడటం మొదలుపెట్టాను. ఒక ఆటగాడు ప్రత్యర్థి తల పట్టుకుని అద్దానికేసి కొడితే జరిమానాతో సరిపెట్టారనీ, మరొకరు భుజంతో గుద్దితే ఇరవైకి పైగా మ్యాచ్‌లకు నిషేధించారనీ చదివాను. రెండూ ఒకే ఏడాదిలో జరిగాయట. దీనికి ఏదైనా లెక్క ఉందా, లేక మనిషిని బట్టి తీర్పు మారుతుందా?

జవాబు: మీరు చెబుతున్నది 2012 ఏప్రిల్ నాటి ప్లేఆఫ్స్ (సీజన్ ముగిశాక టైటిల్ కోసం జరిగే పోటీలు) గురించి. తొలి మ్యాచ్ ముగుస్తున్న క్షణాల్లో నాష్‌విల్ ఆటగాడు షే వెబర్, డెట్రాయిట్ ఆటగాడు హెన్రిక్ జెటర్‌బర్గ్ తలను రింక్ (ఆడే మంచు మైదానం) చుట్టూ ఉండే అద్దానికి మోదాడు. అతనికి 2,500 డాలర్ల జరిమానా పడింది. ఆటగాళ్ల సంఘంతో లీగ్ చేసుకున్న ఒప్పందం ప్రకారం అప్పట్లో అంతకు మించి జరిమానా వేసే వీలు లేదు. వారం తిరగకుండానే ఫీనిక్స్ ఆటగాడు రఫీ టారెస్, షికాగో ఆటగాడు మారియన్ హోసాను కాళ్లు మంచు మీద నుంచి లేచేంత ఊపుతో గుద్దాడు. హోసాను స్ట్రెచర్ మీద తీసుకువెళ్లారు. మైదానంలో ఉన్న రెఫరీలు ఆ గుద్దుకు ఏ పెనాల్టీ ఇవ్వలేదు గానీ, తర్వాత లీగ్ కార్యాలయం 25 మ్యాచ్‌ల నిషేధం విధించింది. అప్పీలు మీద కమిషనర్ గ్యారీ బెట్‌మన్ దాన్ని 21కి తగ్గించారు.

లెక్క లేదని అనలేము. చేసిన పని ఎలాంటిది, అవతలివారు గాయపడ్డారా, చేసినవారికి పాత చరిత్ర ఉందా, మ్యాచ్ ఏ స్థితిలో ఉండగా అది జరిగింది (గెలుపోటములు తేలిపోయాక కసి తీర్చుకోవడానికి చేసిన పనా అన్నది ఇక్కడ చూస్తారు) అనే అంశాలను పరిశీలించాలని ఒప్పందంలోనే ఉంది. టారెస్‌కు పాత చరిత్ర చాలా ఉంది, హోసాకు తీవ్ర గాయమైంది. జెటర్‌బర్గ్ తర్వాతి మ్యాచ్‌కు మామూలుగానే దిగాడు. ఈ తేడాలన్నీ నిజమే. అయితే వీటిలో దేనికి ఎంత బరువు, ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఒప్పందం చెప్పదు. అందువల్ల ఒక తీర్పులో గాయం ప్రధానమైతే మరొక తీర్పులో చరిత్ర ప్రధానమవుతుంది.

నా అభిప్రాయంలో ముందుగా గాయాన్ని పక్కన పెట్టి, చేసిన పని ఎంత ప్రమాదకరమో తేల్చాలి. తలను పట్టుకుని గట్టి అద్దానికి కొట్టడం పొరపాటున జరిగే పని కాదు. మెరుపు వేగంలో భుజం గురి తప్పడం పొరపాటున కూడా జరగవచ్చు. ఆ దృష్టితో చూస్తే టారెస్ శిక్ష ఎక్కువని కాదు, వెబర్ శిక్ష మరీ తక్కువని తేలుతుంది.

ప్రశ్న: తలకు దెబ్బ తగిలితే పది మ్యాచ్‌లు అని ఒక పట్టిక రాసి పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా?

జవాబు: వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఐస్ హాకీలో పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) దగ్గరున్న ఆటగాడిని భుజంతోనో తుంటితోనో గుద్ది ఆపడం నేరం కాదు, ఆటలో భాగం. దాన్నే చెక్ అంటారు. చెక్ అనుమతించిన ఆటలో తలకు తగిలిన ప్రతి దెబ్బనూ ఒకే గాటన కట్టలేము.

నిబంధన రూపుదిద్దుకున్న తీరు గమనిస్తే ఈ ఇబ్బంది అర్థమవుతుంది. 2000లో న్యూజెర్సీ ఆటగాడు స్కాట్ స్టీవెన్స్, తల వంచి వస్తున్న ఎరిక్ లిండ్రోస్‌ను భుజంతో గుద్ది పడగొడితే అది అప్పటి నియమాల ప్రకారం పూర్తిగా న్యాయమైన గుద్దే. 2010 మార్చి 7న పిట్స్‌బర్గ్ ఆటగాడు మాట్ కుక్, బోస్టన్ ఆటగాడు మార్క్ సవార్డ్ తలకు తగిలేలా అతను చూడని వైపు నుంచి గుద్దాడు. సవార్డ్ మెదడుకు తీవ్రమైన అదురు తగిలింది, కుక్‌కు ఒక్క మ్యాచ్ నిషేధం కూడా పడలేదు. ఎందుకంటే దాన్ని నిషేధించే వాక్యం నియమావళిలో లేదు. ఆ తర్వాతే 48వ నియమం వచ్చింది. మొదట పక్క నుంచి, కనిపించని వైపు నుంచి తలను గుద్దడాన్నే నిషేధించి, మరుసటి సీజన్ నుంచి అది ఏ వైపు నుంచి వచ్చినా వర్తించేలా విస్తరించారు. ఇప్పుడు చూసే ప్రశ్నలు రెండు: గుద్దు ప్రధానంగా తగిలింది తలకేనా? తలకు తగలకుండా తప్పించే వీలుందా? గుద్దు తగలబోయే క్షణంలో అవతలి ఆటగాడే ఒంగాడా, మెడ తిప్పాడా అన్నది రెండో ప్రశ్నలో భాగం. ఈ రెండింటికీ పట్టికలో జవాబు దొరకదు, వీడియోను కళ్లతో చూసి తేల్చవలసిందే.

పట్టికతో మరొక చిక్కు కూడా ఉంది. కనీస శిక్ష పెద్దదైనప్పుడు, సందేహం ఉన్న చోట అసలు తప్పే జరగలేదని తేల్చేయడం తీర్పరికి సులువవుతుంది. అప్పుడు కొందరికి పది, మరికొందరికి సున్నా పడతాయి; మీరు వద్దనుకున్న అసమానతే ఇంకో రూపంలో తిరిగి వస్తుంది.

ప్రశ్న: పదే పదే తప్పు చేసేవారికి శిక్ష పెరుగుతుందంటారు. పద్దెనిమిది నెలలు గడిస్తే పాత తప్పులు చెరిగిపోతాయని కూడా విన్నాను. ఏది నిజం?

జవాబు: రెండూ సగం సగం నిజమే. పద్దెనిమిది నెలల గడువు నిషేధంతో పాటు పడే జీతం కోతకు సంబంధించినది. ఆ గడువులోగా మళ్లీ నిషేధానికి గురైనవారికి ఒక్కో మ్యాచ్‌కు ఏడాది జీతంలో 82వ వంతు కోస్తారు, అంటే సీజన్ మ్యాచ్‌ల లెక్కన. మిగతావారికి సీజన్‌లోని మొత్తం రోజుల లెక్కన కోస్తారు. రోజులు మ్యాచ్‌ల కన్నా రెట్టింపుకు పైగా ఉంటాయి గనుక కోత సగానికన్నా తగ్గుతుంది. నిషేధం ఎన్ని మ్యాచ్‌లన్న దగ్గర మాత్రం గడువు దాటిన చరిత్రను కూడా పరిశీలించవచ్చు.

ఇందుకు కూడా టారెస్ ఉదాహరణే సరిపోతుంది. 2015లో సీజన్‌కు ముందు ఆడే సన్నాహక మ్యాచ్‌లో యాకబ్ సిల్ఫ్‌వర్‌బర్గ్ తలకు గుద్దినందుకు అతనికి 41 మ్యాచ్‌ల నిషేధం పడింది, అంటే సరిగ్గా సగం సీజన్. అతని ఏడాది జీతం 20 లక్షల డాలర్లు. మ్యాచ్‌ల లెక్కన అయితే పది లక్షలు పోవాలి. కానీ గడువు దాటిందన్న కారణంతో రోజుల లెక్కన కోశారు గనుక పోయినది సుమారు 4 లక్షల 40 వేలు. శిక్ష కాలంలో పాత నేరస్థుడు, డబ్బు లెక్కలో కొత్తవాడు. ఆ తర్వాత అతను లీగ్‌లో మళ్లీ ఆడలేదు. కోసిన సొమ్ము లీగ్ ఖజానాకు కాక ఆటగాళ్ల అత్యవసర సహాయ నిధికి వెళ్లడం ఈ ఏర్పాటులో నాకు నచ్చిన అంశం.

ప్రశ్న: తీర్పులు హెచ్చుతగ్గులుగా ఉంటే నష్టం ఎవరికి? అభిమానుల వాదోపవాదాలే కదా?

జవాబు: అంతవరకే అయితే ఈ ప్రశ్నకు ఇంత చోటు ఇచ్చేవాణ్ణి కాదు. కార్యాలయం న్యాయం చేస్తుందన్న నమ్మకం పోయినప్పుడు ఆటగాళ్లు మంచు మీదనే తీర్పు చెప్పుకుంటారు.

2004 ఫిబ్రవరిలో కొలరాడో ఆటగాడు స్టీవ్ మూర్, వాంకూవర్ కెప్టెన్ మార్కస్ నాస్‌లుండ్‌ను గుద్ది గాయపరిచాడు. లీగ్ దాన్ని తప్పుగా పరిగణించలేదు, నిషేధం విధించలేదు. అదే జట్టుతో మార్చి 8న జరిగిన మ్యాచ్‌లో వాంకూవర్ ఆటగాడు టాడ్ బెర్టుజీ, మూర్ వెనుక నుంచి వచ్చి తలపై గుద్ది అతన్ని మంచు మీద పడేశాడు. మూర్ మెడలో వెన్నుపూసలు విరిగాయి. అతను మళ్లీ ఆ లీగ్‌లో ఆడలేదు. బెర్టుజీకి ఆ సీజన్‌లో మిగిలిన 13 మ్యాచ్‌లు, ప్లేఆఫ్స్ పోయాయి, 2005 ఆగస్టులో గానీ అతన్ని తిరిగి ఆడనివ్వలేదు. నాస్‌లుండ్ విషయంలో ఒకటి రెండు మ్యాచ్‌ల నిషేధం పడి ఉంటే ఇదంతా తప్పేదని గట్టిగా చెప్పలేను. కానీ ప్రతీకారానికి ఒక సాకు మాత్రం తగ్గేది.

2011లో లీగ్ ఆటగాళ్ల భద్రతా విభాగాన్ని ఏర్పాటు చేసి, మాజీ ఆటగాడు బ్రెండన్ షానహన్‌కు అప్పగించింది. నిషేధం విధించిన ప్రతిసారీ ఎందుకో వివరిస్తూ వీడియో విడుదల చేసే పద్ధతి అప్పుడే మొదలైంది. నిజమైన మెరుగుదల అదే. అయినా 2021 మేలో వాషింగ్టన్ ఆటగాడు టామ్ విల్సన్, న్యూయార్క్ రేంజర్స్ ఆటగాళ్లతో జరిగిన పెనుగులాటలో ఒకరిని మంచు మీద పడి ఉండగానే కొట్టి, మరొకరిని విసిరి పడేశాడు. మొదటిదానికి పడిన 5,000 డాలర్ల జరిమానాతోనే బయటపడ్డాడు. భద్రతా విభాగం అధిపతి జార్జ్ పారోస్ ఆ పదవికి తగరంటూ రేంజర్స్ జట్టు బహిరంగంగా ప్రకటన చేస్తే, ఆ ప్రకటనకు లీగ్ 2,50,000 డాలర్ల జరిమానా వేసింది. మాట్లాడినవారికి కొట్టినవాడి కన్నా యాభై రెట్లు! రెండు రోజులకే ఆ రెండు జట్లు మళ్లీ ఎదురుపడినప్పుడు పక్ పడీ పడకముందే ఆటగాళ్లు చేతి తొడుగులు విసిరేసి కలబడ్డారు.

ప్రశ్న: శిక్ష ఎక్కువైందనుకున్న ఆటగాడికి దిక్కేది?

జవాబు: ముందు కమిషనర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. నిషేధం ఆరు మ్యాచ్‌లు లేదా అంతకు మించినదైతే, ఆ తర్వాత లీగ్‌తో సంబంధం లేని మధ్యవర్తి దగ్గరికి వెళ్లవచ్చు. 2018లో ఇదే విల్సన్‌కు ఆస్కార్ సుంద్‌క్విస్ట్‌ను గుద్దినందుకు 20 మ్యాచ్‌ల నిషేధం పడింది. 105 మ్యాచ్‌ల వ్యవధిలో అది అతని నాలుగో నిషేధం. మధ్యవర్తి శ్యామ్ దాస్ దాన్ని 14కి తగ్గించారు. అయితే తీర్పు వచ్చేసరికి విల్సన్ 16 మ్యాచ్‌లకు దూరంగా కూర్చున్నాడు. అదనంగా కోసిన జీతం తిరిగి ఇవ్వవచ్చు, ఆడని రెండు మ్యాచ్‌లను ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. లైన్స్‌మన్‌ను (రెఫరీలకు తోడుగా ఉండే మ్యాచ్ అధికారిని) కొట్టిన ఆటగాడు డెనిస్ వైడ్‌మన్‌కు 2016లో ఇంకా విచిత్రంగా జరిగింది: 20 మ్యాచ్‌ల నిషేధాన్ని మధ్యవర్తి 10కి తగ్గించేనాటికి అతను 19 మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు. అప్పీళ్లను వారం రోజుల్లో తేల్చాలన్న గడువు పెడితే చాలు, ఈ లోపం సరిదిద్దడానికి కొత్త సిద్ధాంతాలేవీ అక్కర్లేదు.