కోరంగి మడ వేళ్ల మీది నాచు ఏ జాతిదో ఫొటో చూసి చెప్పగలమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మూడు రకాల నాచు తెచ్చారు: కోరంగి మడ అడవిలో వేళ్లకు పట్టిన ఊదారంగు నాచు, ఉప్పాడ రాళ్ల మీది పచ్చ నాచు, కాకినాడ దగ్గర వలలో పడిన దారాల్లాంటి నాచు. ఫోన్ యాప్‌లో పెడితే ఒకే ముక్కకు మూడుసార్లు మూడు పేర్లు చూపించింది. నెలరోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది, జాతి దాకా ఎలా తేల్చాలి అని అడిగారు.

నేను కోనసీమలో డిగ్రీ పిల్లలకు బోటనీ చెబుతాను. చదువుకునే రోజుల్లో నా ప్రాజెక్టు కూడా ఈ తీరం మీదే. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఫొటోతో జాతి తేలదు. ప్రజాతి (దగ్గరి జాతులు కలిసిన గుంపు, జీనస్) వరకు మాత్రం మీ కాలేజీ మైక్రోస్కోపుతో మీరే తేల్చుకోగలరు. అక్కడి నుంచి మీ చేతిలో ఆధారం ఎంత ఉంటే అంతే రాయాలి.

యాప్ చూపిన పేర్లలో ‘కాండ్రస్ క్రిస్పస్’ ఉందన్నారు. అది ఉత్తర అట్లాంటిక్ చల్లటి నీళ్లలో, రాతి తీరాల్లో పెరిగేది. కోరంగి బురదలో అది పెరిగే అవకాశమే లేదు. ఏ పేరు కనబడినా ముందు అది ఎలాంటి సముద్రంలో పెరుగుతుందో చూడండి. సగం పేర్లు అక్కడే ఎగిరిపోతాయి.

ఇక రంగు సంగతి. పచ్చ, గోధుమ, ఎరుపు అని మూడు గుంపులు చేయడం 1836లో ఐర్లాండ్ శాస్త్రవేత్త విలియం హెన్రీ హార్వే రంగును ఆధారం చేసుకుని నాచులను విభజించినప్పటి నుంచి వస్తున్నదే. ఆ విభజన చాలావరకు నిలబడింది, ఎందుకంటే రంగు వెనక రసాయనం ఉంది. పచ్చ నాచుల్లో క్లోరోఫిల్ ఎ, బి ఉంటాయి, అవి పిండిపదార్థాన్ని మొక్కల్లాగే దాచుకుంటాయి. గోధుమ నాచుల్లో ఫ్యూకోజాంథిన్ అనే గోధుమ రంగు పదార్థం ఉంటుంది. ఎర్ర నాచుల్లో ఫైకోఎరిత్రిన్ అనే ఎర్ర రంగు పదార్థం ఉంటుంది, వాటి జీవితచక్రంలో ఏ దశలోనూ ఈదే కణాలు కనిపించవు. వంశం చూస్తే గోధుమ నాచులు పచ్చ నాచులకు చాలా దూరం. డయాటములు అనే ఏకకణ నాచులకే దగ్గర చుట్టాలు.

అయితే కంటికి కనిపించే రంగును నమ్మకండి. ఎండ బాగా తగిలే చోట ఎర్ర నాచు పసుపుపచ్చగా, ఒక్కోసారి ఆకుపచ్చగా మారిపోతుంది. గ్రాసిలేరియా అనే ఎర్ర నాచును వేడి నీళ్లలో వేస్తే ఎరుపు విరిగి లోపలి పచ్చదనం బయటపడుతుంది. వలలో పడి రెండు గంటలు ఎండలో ఉన్న ముక్క తెచ్చి, పచ్చగా ఉంది కాబట్టి పచ్చ నాచు అని రాసిన పిల్లలను ఏటా చూస్తుంటాను. అనుమానం వస్తే పలుచటి కోత మీద ఒక చుక్క అయోడిన్ వేయండి. పచ్చ నాచులో పిండి ఉన్న చోట నల్లటి నీలం వస్తుంది. ఎర్ర నాచులో పిండి రకం వేరు, అక్కడ ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది.

మీ మొదటి నమూనా, మడ వేళ్ల మీదిది, నాకు చాలా ఇష్టమైనది. మన డెల్టా తీరం దాదాపు అంతా ఇసుక, బురద. నాచు పట్టుకుని బతకడానికి గట్టి చోటు కావాలి. విశాఖలో ఆ పని రాళ్లు చేస్తాయి. అందుకే అక్కడ సర్గాసం, పడైనా లాంటి గోధుమ నాచులు చేతికందే దూరంలో ఉంటాయి, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఉమామహేశ్వరరావు, శ్రీరాములు గార్లు 1960ల్లో ఆ తీరం నాచుల మీద అంత వివరంగా పనిచేయగలిగారు. మన దగ్గర రాయి లేని లోటు మడ చెట్టు తీరుస్తుంది. బురదలోంచి పెన్సిళ్లలా పైకి లేచే శ్వాసవేళ్లే ఇక్కడి నాచులకు ఇల్లు.

నేను మొదటిసారి తాళ్లరేవు వైపు నుంచి పడవలో వెళ్లినప్పుడు, నడిపే పెద్దాయన "ఈ పాచి కోసమా బాబూ ఇంత దూరం?" అని అడిగాడు. "అవును బాబాయ్, ఇందులో రకాలున్నాయి" అన్నాను. నీరు తీసేదాకా ఆగి, ఆయనే ఒక వేరు చూపించి, "కింద ఒకటి, పైన ఒకటి ఉంటది, చూసుకో" అన్నాడు. నిజంగానే వేరు కింది భాగంలో, ఎక్కువసేపు నీటిలో మునిగి ఉండే చోట ఒక రకం ఉంది. పైన, పోటుకు మాత్రమే తడిసే చోట ఇంకొకటి ఉంది. పుస్తకంలో మండలాలు అని చదివింది ఒక జానెడు వేరు మీద కళ్ల ముందు కనిపించింది. అప్పటి నుంచి వేరు మీద ఎంత ఎత్తులో తీశానో రాయకుండా ఒక్క నమూనా కూడా తీయలేదు.

ప్రపంచంలో ఎక్కడి మడ అడవిలోనైనా ఇలాంటి వేళ్ల మీద మూడు ఎర్ర నాచులు తరచూ కలిసి కనిపిస్తాయి: బాస్ట్రికియా, కాటెనెల్లా, కాలోగ్లోసా. వేరుకు అంటుకుని ఊదా, గోధుమ కలిసిన మసక రంగులో ఉండటం వల్ల మామూలు కంటికి మూడూ ఒకేలా మురికిగా కనిపిస్తాయి. ఒక గిన్నెలో అదే చోటి ఉప్పునీళ్లు పోసి విడదీసి చూడండి. చిన్న ఆకుల్లా పలుచగా, మధ్యలో ఈనెతో, ఆకుకూ ఆకుకూ మధ్య నొక్కినట్టు సన్నబడుతూ రెండేసిగా చీలుతుంటే కాలోగ్లోసా. పూసలు గుచ్చినట్టు ఉబ్బిన ముక్కలు వరుసగా ఉంటే కాటెనెల్లా. సన్నటి పోచలై, కొనలు లోపలికి చుట్టుకుని ఉంటే బాస్ట్రికియా. హ్యాండ్ లెన్స్ చాలు. మీరు పెట్టిన రెండో ఫొటోలో కొనలు ముడుచుకున్నట్టే ఉన్నాయి, కానీ గిన్నెలో విప్పి చూశాకే రాయండి.

రెండోది, ఉప్పాడ రాళ్ల మీది గొట్టాల్లాంటి పచ్చ నాచు. ఇది ఉల్వా అనే ప్రజాతిది. ఇక్కడ నా సొంత తప్పు చెప్పాలి. నా ప్రాజెక్టులో చొల్లంగి దగ్గర ఒక పాయ ఒడ్డు గోడ మీద వెడల్పాటి, కొమ్మలు లేని గొట్టాలు తీశాను. అక్కడికి కూతవేటు దూరంలో, రొయ్యల చెరువు నీరు బయటికి పోయే బోదెలో సన్నగా, కొమ్మలు కొమ్మలుగా ఉన్నది తీశాను. రెంటికీ రెండు జాతుల పేర్లు రాసి, బొమ్మలు వేసి, మా మాస్టారికి ఇచ్చాను. ఆయన బొమ్మలు పక్కన పెట్టి ఒక్కటే అడిగారు: "పైరినాయిడ్లు లెక్కపెట్టావా?" (కణంలో పచ్చదనం ఉండే హరితరేణువు లోపల కనిపించే చిన్న గుండ్రటి ముద్దలవి.) లేదు. ఆ రోజంతా కూర్చుని రెండు నమూనాల్లోనూ యాభై చొప్పున కణాలు చూశాను. రెంటిలోనూ హరితరేణువు కణంలో ఒక పక్కకు టోపీలా ఒదిగి ఉంది, దాదాపు ప్రతిదాంట్లోనూ పైరినాయిడ్ ఒక్కటే. కణాల అమరికలో కూడా వరుస లేదు, రెంటిలోనూ చిందరవందరే. ఆకారం చూసి నేను రెండనుకున్నవి కణం దగ్గర ఒక్కటిలాగే ఉన్నాయి.

దానికి కారణం తర్వాత తెలిసింది. ఈ గొట్టపు ఉల్వాలు ఉప్పు తగ్గితే ఎక్కువగా కొమ్మలు వేస్తాయి. మన డెల్టాలో ఉప్పు ఏడాది పొడవునా ఒకలా ఉండదు. జూలై నుంచి అక్టోబరు దాకా గోదావరి వరద దిగి తీరం దాకా నీరు చప్పబడుతుంది. వేసవికి మళ్లీ ఉప్పు ఎక్కుతుంది. అంటే ఇక్కడ నాచు ఆకారం ఎంతవరకు జాతిని చెబుతోందో, ఎంతవరకు ఆ నెల నీటిని చెబుతోందో విడదీయడం కష్టం. అందుకే నమూనాతో పాటు ఆ రోజు నీటి ఉప్పదనం రాసుకోమని మా పిల్లలకు పదేపదే చెబుతాను. చాలామంది రొయ్య రైతుల దగ్గర ఉప్పదనం కొలిచే శాలినిటీ మీటరు ఉంటుంది, అడిగితే కాదనకుండా చూసి చెబుతారు.

పాత పుస్తకాల్లో ఈ గొట్టాలకు ఎంటెరోమార్ఫా అని ఉంటుంది. రేకుల్లా ఉంటే ఉల్వా, గొట్టంలా ఉంటే ఎంటెరోమార్ఫా అని మేమూ అలాగే చదివాం. 2003లో డీఎన్‌ఏ పోల్చి చూస్తే ఆ గీత నిలబడలేదు, రెండూ ఉల్వాలో కలిసిపోయాయి. మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామాల పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1753లో పెట్టింది కూడా అలాగే, రెంటినీ ఉల్వాలోనే. మీ రిపోర్టులో ఉల్వా అని రాసి, పాత పేరు పక్కన చెప్పండి, ఎందుకంటే మీరు పోల్చుకునే పాత జాబితాలన్నీ ఆ పేరుతోనే ఉంటాయి. పేరు మారిందో లేదో చూడటానికి ఆల్గేబేస్ అనే ఆన్‌లైన్ పట్టిక ఉంది, ఉచితంగా చూడవచ్చు. దానిలో వెతకకుండా ఏ పేరూ తుది ప్రతిలోకి ఎక్కించకండి.

మూడోది గ్రాసిలేరియా అయి ఉండవచ్చు, కాకినాడ తీరంలో వలలకు తగిలే దారాల్లో అది మామూలే. దీనికి కోత తప్పనిసరి. మా ల్యాబులో కోతలకు జీలుగ బెండు వాడేవాళ్లం, పెళ్లిలో బాసికాలు చేస్తారే, అదే. బెండును నిలువుగా సగానికి చీల్చి, మధ్యలో నాచు పోచ పెట్టి, మూసి వేళ్లతో గట్టిగా పట్టుకోవాలి. బ్లేడును సముద్రపు నీటిలో తడిపి ఒకే వైపుకు లాగాలి, రంపంలా ముందుకూ వెనక్కూ కోస్తే నలిగిపోతుంది. ఇరవై కోస్తే రెండు పనికొస్తాయి. బెండు దొరకకపోతే క్యారెట్ ముక్క పెట్టుకోండి. గ్రాసిలేరియా అయితే మధ్యలో పెద్ద పెద్ద, రంగులేని కణాలు, అంచుకు వచ్చేకొద్దీ చిన్నవై, చివరి వరుసలో రంగు నిండినవి కనిపిస్తాయి. కొన్ని పోచల మీద చిన్న గుమ్మటాల్లా బుడిపెలు ఉంటాయి. అది తెగులు అనుకుని మొదట్లో నేను ఏరి పారేసేవాణ్ణి. అవి సిస్టోకార్ప్‌లు, ఫలదీకరణ తర్వాత ఆడ మొక్క మీద వచ్చేవి. జాతి తేల్చడానికి అన్నిటికన్నా పనికొచ్చే ముక్క అదే, పదిలంగా దాచండి. కొన కొంకిలా వంగి, ఒంటి నిండా ముళ్లలాంటి పొట్టి కొమ్మలుంటే అది హిప్నియా అనే మరో ఎర్ర నాచు వైపు వెళుతుంది.

ఈ నాచు పాత జాబితాల్లో ‘గ్రాసిలేరియా వెరుకోసా’ అని కనిపిస్తుంది. వెరుకోసా అంటే పులిపిర్లు ఉన్నది అని అర్థం, ఆ బుడిపెల వల్లే. కానీ 1995లో బ్రిటన్ నమూనాలను తిరిగి పరిశీలిస్తే ఆ ఒక్క పేరు కింద రెండు వేరు వేరు జాతులున్నాయని, అందులో ఒకటి గ్రాసిలేరియాప్సిస్ అనే మరో ప్రజాతికి చెందుతుందని తేలింది. కాబట్టి పాత జాబితాలో ఉంది కదా అని ఆ పేరు తీసుకుని మీ నమూనాకు పెట్టకండి. ‘గ్రాసిలేరియా, జాతి తేలలేదు’ అని రాసి, పక్కనే కోత బొమ్మ, సిస్టోకార్ప్ బొమ్మ, కొలతలు పెడితే రేపు ఇంకెవరైనా దాన్ని పట్టుకుని ముందుకు వెళ్లగలరు. తప్పు పేరు రాస్తే ఆ దారే మూసుకుపోతుంది. పోలిక గట్టిగా ఉండి ఖాయంగా చెప్పలేనప్పుడు జాతి పేరుకు ముందు ‘సి.ఎఫ్.’ అని పెట్టడం అందరూ ఒప్పుకునే పద్ధతే. మార్కులు తగ్గుతాయని భయపడకండి, పరీక్షకు వచ్చే మంచి మాస్టారికి అదే నచ్చుతుంది.

భద్రపరచడం గురించి. నేను మొదటిసారి తెచ్చిన నాచంతా ఒకే ప్లాస్టిక్ కవరులో కుక్కి, బస్సులో ఒళ్లో పెట్టుకుని హాస్టలుకు వచ్చేసరికి జిగురై కంపు కొట్టింది. ఒక రోజు శ్రమ, పడవ కిరాయి పోయాయి. ఒక్కో నమూనా ఒక్కో డబ్బాలో, కొద్దిపాటి సముద్రపు నీటితో, ఐస్ ఉన్న పెట్టెలో పెట్టి తేవాలి. ఎర్ర నాచును కుళాయి నీళ్లతో కడగవద్దు, కణాలు పగిలి రంగు కారిపోతుంది. కొంత భాగం 4 శాతం ఫార్మలిన్ కలిపిన సముద్రపు నీటిలో, చీకట్లో దాచండి. కొంత హెర్బేరియం షీటు చేయండి: పళ్లెంలో నీళ్లు పోసి, అడుగున కాగితం పెట్టి, నాచును తేల్చి, పెయింట్ బ్రష్‌తో కొమ్మలు సర్ది, కాగితాన్ని నెమ్మదిగా ఏటవాలుగా పైకెత్తాలి. పైన పలుచటి నూలు గుడ్డ వేసి న్యూస్‌పేపర్ల మధ్య బరువు పెట్టండి, పేపర్లు రోజూ మార్చండి. ఒక చిన్న ముక్క మాత్రం ఫార్మలిన్ తగలకుండా సిలికా జెల్‌లో ఎండబెట్టి ఉంచండి. ఎప్పుడైనా డీఎన్‌ఏ చేయించే అవకాశం వస్తే పచ్చ నాచుకు టఫ్-ఎ, ఎర్ర నాచుకు ఆర్‌బీసీఎల్ జన్యువులు చదువుతారు. ఫార్మలిన్‌లో నానిన ముక్క దానికి పెద్దగా పనికిరాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కోరంగి 1978 నుంచి అభయారణ్యం. వేరు ముక్క కోయాలన్నా, నాచు తీయాలన్నా అటవీ శాఖ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. మీ డిపార్ట్‌మెంట్ నుంచి లెటరు పెట్టించండి. అనుమతి వచ్చాక కూడా వేరు కోయనక్కర్లేదు, చాకు వెనక వైపుతో గీరి తీస్తే చాలు.

మళ్లీ వెళ్లేటట్టయితే అమావాస్యకో పౌర్ణమికో దగ్గరి రోజు చూసుకోండి, అప్పుడు నీరు బాగా కిందికి దిగుతుంది. ఉప్పాడ రాళ్లు జారతాయి, ఒక్కరే వెళ్లకండి. ఉల్వాలో యాభై కణాలు చూసి పైరినాయిడ్ల లెక్క, గ్రాసిలేరియా కోత ఫొటో ఇక్కడే పెట్టండి. నేను రాత్రి తొమ్మిది దాటాక చూస్తాను, తప్పకుండా జవాబిస్తాను.