చట్టం పుస్తకంలో లేని నేరానికి శిక్ష ఎలా వేస్తారు?

న్యాయ సందేహాలు

ప్రశ్న: లాయరుగారికి నమస్కారం. మా అబ్బాయి ఉద్యోగరీత్యా అమెరికాలోని నార్త్ కరోలైనా రాష్ట్రంలో ఉంటున్నాడు. వాళ్ళ పక్క వీధిలో ఒకతను తుపాకీ చేతబట్టుకొని జనాన్ని హడలగొడుతూ తిరిగితే పోలీసులు కేసు పెట్టారట. అది ఏ చట్టం కింద నేరమని మావాడు విచారిస్తే, ఆ నేరం చట్టంలో రాసి ఉండదని, పాత ఇంగ్లండు కామన్ లా ప్రకారం వచ్చిన నేరమని చెప్పారట. 1776లోనే ఇంగ్లండును కాదని విడిపోయిన దేశంలో ఇంగ్లండు పాత నేరాలు ఇంకా ఎలా చెల్లుతున్నాయి? మన మద్రాసును కూడా ఇంగ్లీషువాళ్ళే ఏలారు కదా, ఇక్కడా అలాంటివి ఉన్నాయా?
– ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పారు. ఆ నేరం ఏమిటన్నది చట్టంలో రాసి లేదు. అలాంటి నేరాలు చెల్లుతాయన్న మాట మాత్రం చట్టంలోనే ఉంది. మీ సందేహం తీరాలంటే ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియాలి కనుక కాస్త వివరంగా చెబుతాను.

ఇంగ్లండులో ఏది నేరమో శతాబ్దాల పాటు చాలావరకు న్యాయమూర్తులే తేల్చారు. రాజుగారి న్యాయమూర్తులు ఊరూరా తిరిగి విచారణలు జరిపి చెప్పిన తీర్పులను తర్వాతివారు అనుసరించగా, ఆ తీర్పులన్నీ పేరుకొని కామన్ లా అయింది. హత్య, దోపిడీ, అక్రమ నిర్బంధం, అధికారి పదవిని దుర్వినియోగం చేయడం వంటి నేరాల స్వరూపం ఆ తీర్పుల్లోనే ఏర్పడింది. హత్య అంటే ఏమిటో నిర్వచించే చట్టం ఇంగ్లండులో నేటికీ లేదు. అమెరికా వెళ్ళి స్థిరపడినవారు ఈ న్యాయాన్ని కూడా వెంట తీసుకెళ్ళారు. 1776లో రాజును వద్దనుకున్నారు గానీ, దొంగను, హంతకుణ్ణి ఏ న్యాయం ప్రకారం శిక్షించాలన్న ప్రశ్న మర్నాడే ఎదురయింది. పూర్తి శిక్షాస్మృతి రాసుకునేదాకా ఆగే వీలు లేదు కనుక, పాత న్యాయంలో తమ రాజ్యాంగానికి విరుద్ధం కానిదంతా అమల్లో ఉంటుందని రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ప్రకటించుకున్నాయి. మేరీలాండ్ ఆ మాటను 1776 నాటి తన హక్కుల ప్రకటనలోనే చేర్చింది. ఫ్లోరిడా ఇంకా రాష్ట్రం కాకముందు, టెరిటరీగా ఉన్న రోజుల్లోనే ఇలాంటి చట్టం చేసుకుంది.

నార్త్ కరోలైనా చట్టంలోనూ ఇదే ఏర్పాటు ఉంది. రాష్ట్రంలో మునుపటి నుంచి వాడుకలో ఉండి, రాష్ట్ర స్వాతంత్ర్యానికి విరుద్ధం కాకుండా, మరో చట్టం వల్ల రద్దు కాకుండా, కాలం చెల్లిపోకుండా ఉన్న కామన్ లా పూర్తిగా అమల్లో ఉంటుందని ఒక సెక్షన్ చెబుతుంది. ప్రత్యేకంగా శిక్ష నిర్ణయించని చిన్న నేరాలకు ఏ తరగతి శిక్ష వేయాలో మరో సెక్షన్ చెబుతుంది. ఇక నేరం ఏమిటన్నది పాత తీర్పుల్లో వెతుక్కోవాలి. మీరు రాసిన నేరం విషయంలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1843లో ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. తుపాకీ దగ్గర ఉంచుకోవడం దానంతట అది నేరం కాదని, జనాన్ని భయపెట్టాలన్న దురుద్దేశంతో, వారు హడలిపోయే తీరులో ఆయుధం ధరించి బహిరంగంగా తిరిగితేనే నేరమవుతుందని ఆ కోర్టు చెప్పింది. ఆ తీర్పు వచ్చి నూట ఎనభై ఏళ్ళు దాటినా దాని ఆధారంగానే నేటికీ అభియోగాలు మోపుతున్నారు. అంటే మీవాడి పక్క వీధిలో అమలవుతున్నది ఇంగ్లండు రాజు ఆజ్ఞ కాదు; తన ప్రజలు ఎన్నుకున్న శాసనసభ, పాత తీర్పుల్లో ఉన్నదాన్ని నేరంగా నిలుపుతున్నామని చెప్పిన మాట అమలవుతోంది.

శిక్షకు హద్దు ఏమిటన్నది రాష్ట్రాన్నిబట్టి చాలా మారిపోతుంది. చట్టంలో ఏ ఏర్పాటూ లేని కామన్ లా నేరానికి ఫ్లోరిడాలో 500 డాలర్ల జరిమానా లేదా 12 నెలల జైలు మించకూడదు. అదే మిషిగన్‌లో అలాంటి నేరం 5 సంవత్సరాల జైలుకు, 10,000 డాలర్ల జరిమానాకు దారితీయవచ్చు. ఈ మిషిగన్ సెక్షన్ ఎంత బలమైనదో 1994లో తెలిసింది. తీరని జబ్బుతో బాధపడేవారు ప్రాణం తీసుకోవడానికి సాయపడిన డాక్టర్ జాక్ కెవోర్కియన్ వ్యవహారంలో, ఆత్మహత్యకు సాయపడటం కామన్ లా నేరమేనని, పాతదాన్ని నిలిపే ఆ సెక్షన్ కింద విచారించవచ్చని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. 1996లో జ్యూరీ ఆయనను ఆ అభియోగాల నుంచి విడుదల చేసింది. తప్పొప్పుల మాట అలా ఉంచితే, తాను చేసేది నేరమో కాదో స్పష్టంగా తెలుసుకోవడానికి అంతవరకు ఆయన చూసుకోగల ప్రత్యేక శాశ్వత చట్టం ఆ రాష్ట్రంలో లేదన్నది నన్ను ఇప్పటికీ కలవరపెట్టే విషయం.

పెన్సిల్వేనియాలో ఇంకొంత ముందుకు వెళ్ళారు. ఒకతను ఒక ఇల్లాలికి పదేపదే ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడాడు. ఫోన్‌లో బూతులాడటం నేరమని అప్పట్లో అక్కడ ఏ చట్టమూ చెప్పలేదు. ఫోనే లేని కాలపు ఇంగ్లీషు తీర్పుల్లో అది దొరికే అవకాశమూ లేదు. అయినా ప్రజా నీతికి హాని చేసేదేదైనా కామన్ లా నేరమేనని 1955లో కోర్టు శిక్షను సమర్థించింది. ఏది నేరమో చెప్పవలసినది శాసనసభే గాని కోర్టు కాదని ఆ తీర్పుతో విభేదించిన న్యాయమూర్తి రాశారు. ఆ ఇల్లాలు పడిన బాధ చిన్నదని నేను అనను. అలాంటి వాడికి శిక్ష పడవలసిందే. కానీ పని జరిగిపోయాక అది నేరమని ప్రకటించే అధికారం న్యాయమూర్తి చేతికి ఇస్తే, రేపు అది ఎవరి మీదికైనా వస్తుంది. ఈ విషయంలో నేను విభేదించిన న్యాయమూర్తి పక్షానే ఉంటాను. తర్వాత 1970లలో పెన్సిల్వేనియా కొత్త శిక్షాస్మృతి తెచ్చుకొని కామన్ లా నేరాలను రద్దు చేసింది.

పాతదంతా గుడ్డిగా చెల్లుతుందని మాత్రం అనుకోకండి. ఇరుగుపొరుగుతో ఎప్పుడూ తగువులాడే ఆడమనిషిని ‘గయ్యాళి’ అన్న నేరం కింద శిక్షించడం పాత ఇంగ్లండులో ఉండేది. 1972లో న్యూజెర్సీలో ఒకామెపై ఆ అభియోగం మోపితే, అది ఈ కాలానికి చెల్లదని కోర్టు కొట్టివేసింది. తనకు తెలిసిన ఘోర నేరాన్ని అధికారులకు చెప్పకపోవడమనే నేరం వాడుక లేక నశించిందని, నేటి సమాజానికి పొసగదని 1979లో మేరీలాండ్ కోర్టు చెప్పింది. కేంద్ర కోర్టుల విషయం మరీ స్పష్టం. పార్లమెంటుకు సాటి అయిన కాంగ్రెస్ చట్టంలో రాయనిదాన్ని కేంద్ర కోర్టులు నేరంగా శిక్షించజాలవని అమెరికా సుప్రీంకోర్టు 1812లోనే తేల్చింది. కామన్ లా నేరాలు ఎక్కడ మిగిలినా రాష్ట్రాల్లోనే మిగిలాయి.

ఇక మన మద్రాసు సంగతి. 1801లో ఏర్పడిన మద్రాసు సుప్రీంకోర్టు పట్నంలో ఇంగ్లండు నేర న్యాయాన్నే అమలు చేసేది. పట్నం పొలిమేర దాటితే కంపెనీ రెగ్యులేషన్లతో సవరించిన ఇస్లామిక్ నేర న్యాయం నడిచేది. ఒకే పని చేసిన ఇద్దరికి పొలిమేరకు ఇటూ అటూ వేర్వేరు న్యాయాలు వర్తించేవి. మెకాలే సంఘం 1837లో సిద్ధం చేసిన ముసాయిదా 1860లో భారత శిక్షాస్మృతిగా మారి, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి రావడంతో ఈ రెండు న్యాయాల కాలం ముగిసింది. ఈ స్మృతి ప్రకారమే తప్ప మరో విధంగా శిక్షించరాదని దాని 2వ సెక్షన్ చెప్పింది. మెకాలే పేరు చెబితే మనలో చాలామందికి కోపం వస్తుంది, రావడానికి కారణాలూ ఉన్నాయి. అయినా సామాన్యుడు చదివి తెలుసుకోగల నేరాల పుస్తకం ఒకటి ఉండాలన్న ఆ ఆలోచనను నేను నిండు మనసుతో గౌరవిస్తాను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత మొదటి సెక్షన్ కూడా అదే కట్టుబాటును కొనసాగించింది. జరిగిన నాటికి అమల్లో ఉన్న చట్టాన్ని ఉల్లంఘిస్తే తప్ప ఎవరినీ దోషిగా తేల్చరాదన్న రాజ్యాంగం 20వ అధికరణ దానికి పైన కాపలాగా ఉంది.

కనుక పెరంబూరులో మిమ్మల్ని పాత ఇంగ్లండు నేరం కింద ఎవరూ పట్టుకోలేరు. ఇక్కడ మిగిలిన ఛాయ కోర్టు ధిక్కారం ఒక్కటే. తనను ధిక్కరించినవారిని శిక్షించే అధికారం హైకోర్టుకు 215వ అధికరణ కింద సహజంగానే ఉంది. ఆ శిక్ష 6 నెలలు మించకుండా 1971 నాటి చట్టం హద్దు పెట్టింది.

ప్రశ్న: మా చెల్లెలి కొడుకు కాలిఫోర్నియాలో, కూతురు టెక్సస్‌లో ఉన్నారు. వాళ్ళకూ ఈ కామన్ లా నేరాల బెడద ఉందా?
– ఒక పాఠకుడు, తాంబరం, చెన్నై

జవాబు: లేదండీ. కాలిఫోర్నియా శిక్షాస్మృతి 1872లో వచ్చిననాటి నుంచి, చట్టం నేరమని చెప్పనిది నేరం కాదని దాని 6వ సెక్షన్ అంటుంది. టెక్సస్ చట్టం కూడా అదే చెబుతుంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ 1979లో కొత్త స్మృతి అమల్లోకి రావడంతో కామన్ లా నేరాలను రద్దు చేసింది. ఫ్లోరిడా, వర్జీనియా, మేరీలాండ్, మిషిగన్, నార్త్ కరోలైనా వంటి రాష్ట్రాలకు మారవలసి వస్తే మాత్రం అక్కడి లాయరును అడగడం అవసరమవుతుంది, ఎందుకంటే శిక్షాస్మృతి ఎంత శ్రద్ధగా చదివినా ఆ రాష్ట్రాల్లో కొన్ని నేరాలు అందులో కనబడవు.