ఆరో తరగతి బాబుకు ట్యూషనా, వీధిలో ఆటా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఐఐటీ ఫౌండేషన్ ఉందని ఈ ఏడాది బాబును స్కూలు మార్చి ఆరో తరగతిలో చేర్పించాం. పొద్దున ఏడున్నరకు బస్సెక్కితే సాయంత్రం ఐదున్నరకు వస్తాడు. ఆరు నుంచి ఎనిమిది దాకా ట్యూషన్. రోజూ 'అరగంట ఆడుకుంటానమ్మా' అని ఏడుస్తాడు. మా మామగారు ఆడుకోనీయమంటారు. మావారు మాత్రం 'మేం పొద్దస్తమానం ఆడి ఏం బావుకున్నాం, ఎరువుల అంగట్లో కూర్చున్నాం' అంటారు. ఆటే కావాలంటే క్రికెట్ కోచింగ్‌లో చేర్పించమంటారా? క్రికెటర్ శ్రీచరణిలా ఏదో ఒక దాంట్లో పైకొస్తే చాలు. మూడో తరగతి చదివే పాప కూడా ఉంది.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ ట్యూషన్ మాన్పించండి.

జేఈఈ సిలబస్ ఇంటర్ రెండేళ్లది. ఆ పాఠాలు మొదలు కావడానికి మీ బాబుకు ఇంకా ఐదేళ్ల టైముంది. ఇప్పుడు వాడికి భిన్నాలు, నిష్పత్తులు గట్టిగా రావాలి, లెక్క చదివి ఏం అడుగుతున్నారో తెలుసుకోగలగాలి. అదంతా స్కూలు పుస్తకంలోనే ఉంది. పది గంటలు బయట గడిపి వచ్చిన పదకొండేళ్ల పిల్లాడి బుర్రలోకి ఇంకో రెండు గంటల పాఠం ఎక్కదు.

నా దగ్గరకు ఇంటర్ అయిపోయిన పిల్లలు వస్తుంటారు. నీకేది ఇష్టం నాయనా అని అడిగితే చాలామంది వాళ్ల నాన్న ముఖం చూస్తారు. మంచి ర్యాంకు తెచ్చుకున్న ఒక అబ్బాయి 'ఏదైనా పర్లేదు సార్, మీరే చెప్పండి' అన్నాడు. ఆరో తరగతి నుంచి వాడి ప్రతి గంటా ఎవరో ఒకరు పంచి పెట్టినదే. సొంతంగా ఒక్క సాయంత్రాన్ని ఎలా గడపాలో తేల్చుకోని పిల్లాడు నాలుగేళ్ల చదువును ఎలా తేల్చుకుంటాడు? ఆ అబ్బాయిని తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నేను కమలాపురం దగ్గర పల్లెలో పెరిగాను. చిల్లాకట్టె, అంటే గిల్లీ దండా, ఆడేవాళ్లం. చిల్ల అనే చిన్న పుల్ల కొస మీద కట్టెతో తట్టి, అది గాల్లోకి లేవగానే కొట్టాలి. పడిన చోటి నుంచి గుంత దాకా ఎన్ని కట్టెల దూరమో కొట్టినవాడే చెప్పాలి. 'నలభై' అంటాడు. అవతలివాళ్లు ఒప్పుకుంటే నలభై వాడివే. అనుమానమొస్తే కట్టెతో కొలుస్తారు. ముప్పై ఎనిమిదే తేలిందా, అన్నీ పోయినట్టే. కంటితో దూరం అంచనా వేయాలి, ఎంతవరకు ఆశపడొచ్చో చూసుకోవాలి, ఎదుటివాడు నమ్ముతాడో లేదో ముఖంలో చదవాలి. ఇదంతా రెండు క్షణాల్లో, పక్కన సారు లేకుండా. కొలిచేటప్పుడు కట్టె జరిపావని కొట్టుకునేంత గొడవ. మర్నాడు ఆడాలంటే మళ్లీ వాడే కావాలి కాబట్టి చీకటి పడేలోగా కలిసిపోయేవాళ్లం.

మీవారిని ఒక్క మాట అడగండి. ఈ రైతుకు అప్పు మీద ఎరువు ఇవ్వచ్చా లేదా అని ముఖం చూసి చెప్పడం, బేరం దగ్గర మాటా మాటా అనుకున్న మనిషిని వారం తిరక్కుండా పలకరించి కూర్చోబెట్టడం ఆయన ఏ తరగతిలో నేర్చుకున్నారు? ఏమీ బావుకోలేదనుకుంటే ఆయన తనను తాను తక్కువ చేసుకున్నట్టే.

అప్పటి రోజులన్నీ బంగారమని మాత్రం నేననను. మా అక్కలు తమ్ముణ్ణి చంకనేసుకునే తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్లు. పెద్దమనిషయ్యాక అదీ లేదు, అరుగు మీద కచ్చకాయలతో సరి. మీరు పాప గురించి చివర్లో ఒక్క ముక్క రాశారు. బాబుకిచ్చే గంట పాపకూ ఇవ్వండి, ఆ గంటలో ఇంటి పని చెప్పకండి.

ఇక క్రికెట్ కోచింగ్. 2025లో ప్రపంచ కప్ గెలిచిన మన మహిళల జట్టులో వీరపునాయునిపల్లె మండలం అమ్మాయి శ్రీచరణి ఉందంటే నాకూ గుండె నిండుతుంది. ఆటనే బతుకుదెరువు చేసుకోవాలనుకునే పిల్లలకు దారులూ ఉన్నాయి. కడపలోనే ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది, నాలుగో తరగతికే ఎంపిక చేసుకుంటారు. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి క్రీడాకారులకు విడిగా సీట్లిస్తోంది, వాటికీ జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు రావాలి. కానీ మీ బాబు ఇవేవీ అడగలేదు. కోచింగ్ అంటే మళ్లీ ఒక సారు, ఒక టైము, ఒక సెలెక్షన్. వాడంతట వాడే కోచింగ్ కావాలన్న రోజున చూద్దాం.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ బాబు అందులో సగమే అడిగాడు. అదీ ఏడ్చి. ఆట పిల్లల హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో 31వ అధికరణం ఉంది, 1992లో మన దేశమూ దానికి ఒప్పుకుంది.

వీధుల్లో బండ్ల రద్దీ పెరిగింది, పంపాలంటే మీకు భయమేస్తుంది, నిజమే. అందుకే ఎదురింటి వాళ్లతో, పై వాటా వాళ్లతో మీరే మాట్లాడండి. ముగ్గురు పిల్లలు పోగైతే ఆట మొదలవుతుంది. స్కూలు నుంచి రాగానే ఏదైనా తిననిచ్చి ఆరు నుంచి ఏడు దాకా వదిలేయండి. మన ఎండలకు ఆ వేళే నయం. మామగారిని అరుగు మీద కూర్చోమనండి. ఎలా ఆడాలో చెప్పొద్దనండి, దెబ్బ తగిలితే తప్ప గొడవల్లో తలదూర్చొద్దనండి. ఆ గంటకు బదులు ఫోన్ ఇవ్వకండి. ఫోన్ గేమ్‌లో ఓడితే మళ్లీ మొదటి నుంచి నొక్కుకోవచ్చు, ఎవరితోనూ రాజీ పడే పనుండదు.

మొదటి నెలలో రెండు మూడు మార్కులు తగ్గొచ్చు, టెన్షన్ పడకండి. లెక్కల్లో నిజంగా వెనకబడ్డాడనిపిస్తే ఏడున్నరకు అరగంట మీరే పక్కన కూర్చోండి. రెండు నెలల తర్వాత నాకు మళ్లీ ఉత్తరం రాయండి. ప్రోగ్రెస్ కార్డు సంగతి అక్కర్లేదు, సాయంత్రాలు బాబూ పాపా ఎవరెవరితో ఏ ఆట ఆడుతున్నారో రాయండి.