టెక్ సందేహాలు: డిక్కీ నిండితే కుంగిపోయే కారు, గాలి బెలూన్ల గొడవ

ప్రశ్న: నమస్తే సార్. మాది తిరుపతి, కొర్లగుంట. ఇరవై ఏళ్లుగా ట్రావెల్స్ నడుపుతున్నాను. మా పెద్దోడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండో పాప పుట్టాక ఉన్న కారు చాలడం లేదని, 2019 మోడల్ మెర్సిడెస్ ఇ-క్లాస్ స్టేషన్ వ్యాగన్ (వెనక పైకప్పు డిక్కీ మీదుగా సాగి, సామానుకు ఎక్కువ చోటుండే కారు) సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాడు. రెండు బండ్లు నచ్చాయంట. ఒకదానికి మామూలు సస్పెన్షన్, ఇంకోదానికి నాలుగు చక్రాలకూ ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగుల బదులు గాలి బెలూన్లు, అది రెండు వేల యూరోలు ఎక్కువ. బస్సుల్లో బెలూన్ పగిలి నడిరోడ్డు మీద నిలబడిపోయిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి కాబట్టి వద్దురా అంటున్నాను. వాడు వినట్లేదు. ఏది నయం?

జవాబు: అన్నా, మీ వాడు మామూలుది అనుకుంటున్న బండికి కూడా వెనకవైపు ఉన్నవి గాలి బెలూన్లే. 2016లో వచ్చిన ఈ తరం ఇ-క్లాస్ వ్యాగన్‌కు వెనక చక్రాల దగ్గర ఎయిర్ సస్పెన్షన్, బరువును బట్టి ఎత్తు తానే సరిచేసుకునే ఏర్పాటు కంపెనీయే అన్ని బండ్లకూ ఇచ్చింది. ముందు మాత్రం స్టీలు స్ప్రింగులు. ఎయిర్ బాడీ కంట్రోల్ అనే ఆప్షన్‌కు డబ్బు కట్టినవాళ్లకే నాలుగు మూలలా గాలి వస్తుంది. అంటే మీ తండ్రీకొడుకులు వాదించుకుంటున్నది ముందు రెండు చక్రాల గురించే.

వెనక మాత్రం ఎందుకిచ్చారంటే, స్టేషన్ వ్యాగన్ అసలు కష్టమంతా వెనకే. వెనక సీట్లు మడిస్తే ఈ బండిలో 1,820 లీటర్ల చోటు ఉంటుంది, అంత చోటు ఇచ్చాక జనం నింపకుండా ఉండరు కదా. స్టీలు స్ప్రింగు బరువు పడేకొద్దీ నలుగుతుంది, తోక కుంగుతుంది, ముక్కు లేస్తుంది, ముందు టైర్ల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి. పోయిన దసరాకు మా బంధువుల కారులో చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్తుంటే మొగిలి ఘాట్ దాకా ఎదురుగా వచ్చిన ప్రతి లారీవాడూ మాకు లైట్లు కొడుతూనే ఉన్నాడు, మేమేమో డిమ్‌లోనే ఉన్నాం, ఎందుకో అర్థం కాలేదు. పలమనేరులో టీకి ఆగి దిగి చూస్తే వెనక టైరుకూ బాడీకీ మధ్య నాలుగు వేళ్లు కూడా పట్టడం లేదు, డిక్కీలో రెండు బియ్యం మూటలు, పెద్ద సూట్‌కేసులు. అది మామూలు స్ప్రింగుల కారు. గాలి బెలూను ఉంటే ఎత్తు చూసే సెన్సర్ తోక దిగిందని కంట్రోల్ యూనిట్‌కు చెబుతుంది, అది కంప్రెసర్ నుంచి ఇంకొంచెం గాలి పంపిస్తుంది, బండి మళ్లీ సమానంగా నిలబడుతుంది. బరువు దించితే గాలి వదిలేస్తుంది. మెర్సిడెస్ 1977లో తన మొదటి వ్యాగన్‌ను ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో చూపించినప్పుడే వెనక ఎత్తు సరిచేసుకునే ఏర్పాటును అన్ని బండ్లకూ పెట్టింది. అప్పట్లో అది ఆయిల్‌తో, గ్యాస్‌తో పనిచేసేది, ఇప్పుడు గాలి వచ్చింది, అవసరం మాత్రం అదే.

మరి ముందు కూడా గాలి ఉంటే ఏం లాభం? ఉంది, లేదనను. బండిని ఒక బటన్‌తో కొంచెం పైకి లేపుకోవచ్చు, హైవే మీద వేగం పెరిగితే తానే కాస్త కిందికి దిగుతుంది, కంఫర్ట్ మోడ్‌లో పెడితే గతుకులు మెత్తగా మింగేస్తుంది. నడిపి చూసినవాడికి నచ్చుతుంది, అందుకే మీ వాడు వినడం లేదు. కానీ ఆ బండికి ఇప్పటికే ఐదేళ్లు దాటిపోయాయి. బెలూన్ రబ్బరు మడత పడేచోటే ముందు పగుళ్లిస్తుంది, ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. మీ బస్సులో బెలూన్ ఒక్కటీ మార్చుకుంటే సరిపోతుంది. ఈ కారుకు ముందువైపు బెలూనూ షాక్ అబ్జార్బరూ కలిసి ఒకటే ముక్కగా వస్తాయి, రబ్బరు పోయినా మొత్తం మార్చాల్సిందే, పైగా ఆ షాక్ ఎలక్ట్రానిక్‌ది. పదేళ్ల వయసు దగ్గర పడేసరికి ఆ ఖర్చు రావచ్చని లెక్కలో పెట్టుకోవాలి.

నా మాటేమిటంటే, వెనక మాత్రమే గాలి ఉన్న బండి తీసుకోమనండి. స్టేషన్ వ్యాగన్‌కు కావలసింది అందులో ఉంది. మిగిలిన రెండు వేల యూరోలు చేతిలో ఉంచుకోమనండి. మెత్తదనం కావాలంటే చక్రాల సైజు చూడమనండి, 19, 20 అంగుళాల చక్రాలు వేసిన నాలుగు మూలలా గాలి బండి కన్నా 17 అంగుళాల చక్రాలు, మందంగా ఉన్న టైరు గోడలు, ముందు స్టీలు స్ప్రింగులు ఉన్న బండి చిన్న గతుకుల మీద హాయిగా ఉంటుంది. దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకు చాలా బాధగా ఉంటుంది. షోకు కోసం పెద్ద చక్రాలు వేసి, ఆ కుదుపు పోవడానికి సస్పెన్షన్‌కు లక్షలు పెడతారు.

నాలుగు చక్రాలదే కావాలని పట్టుబడితే ఒక్క షరతు పెట్టండి: సస్పెన్షన్‌ను కూడా కవర్ చేసే వారంటీ రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాట కాదు.

ఏది కొన్నా, వెనక బెలూన్లు రెండింటికీ ఉన్నాయి కాబట్టి, చూడ్డానికి పొద్దున్నే వెళ్లమనండి. రాత్రంతా ఆగి ఉన్న బండిని స్టార్ట్ చేయకముందే టేపు తీసుకుని ప్రతి చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా కొలవాలి. కుడి ఎడమల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆ మూల గాలి కారుతోంది. తర్వాత స్టార్ట్ చేసి ఇద్దరు డిక్కీ అంచున కూర్చోవాలి, కాసేపట్లో తోక లేవాలి. కంప్రెసర్ ఆగకుండా మోగుతూనే ఉంటే అనుమానించాలి. చిన్న లీకును వదిలేస్తే అదే కంప్రెసర్‌ను చంపుతుంది, పోయిన గాలిని నింపుతూ నింపుతూ అది వేడెక్కి కాలిపోతుంది. పసుపు లైటు వెలగ్గానే బాగు చేయించుకుంటే ఒక బెలూన్‌తో పోయేది, నాలుగు నెలలు తిరిగితే రెండు ఖర్చులవుతాయి. స్కానర్ పెట్టించేటప్పుడు ఇంజిన్ ఎర్రర్లు మాత్రమే చూసి పంపించేస్తారు, సస్పెన్షన్ యూనిట్ కూడా చదవమని అడగాలి. ఇంకొకటి, టైరు మార్చడానికి జాకీ పెట్టేముందు కారు పుస్తకంలో ఎయిర్ సస్పెన్షన్ గురించి రాసింది చదవమనండి. జాకీ మీద ఉన్నప్పుడు బండి తన ఎత్తు తాను సరిచేసుకోబోతే ప్రమాదం.

ప్రశ్న: మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. పెళ్లిళ్ల సీజన్‌లో మా ఇన్నోవా క్రిస్టాలో ఏడుగురం, సామాన్లు. వెనక బాగా దిగుతోంది. స్ప్రింగుల లోపల పెట్టే గాలి సంచులు దొరుకుతున్నాయి, పెట్టించుకోవచ్చా?

జవాబు: పెట్టించుకోవచ్చమ్మా. క్రిస్టాకు వెనక కాయిల్ స్ప్రింగులే ఉంటాయి కాబట్టి, ఆ బండికి సరిపోయే సైజు సంచి లోపల పడుతుంది. టైరుకు కొట్టినట్టే గాలి కొట్టుకోవాలి, కంప్రెసరూ సెన్సర్లూ ఏమీ ఉండవు. బరువున్న రోజు పెంచాలి, ఖాళీగా తిరిగేటప్పుడు తగ్గించాలి, తగ్గించకపోతే వెనక సీట్లో కూర్చున్నవాళ్ల నడుములు పోతాయి. రెండు పక్కలా ఒకే ప్రెషర్ ఉండాలి. దీంతో తోక లేస్తుందే కానీ బండి మోయగల బరువు పెరగదు. బ్రేకులూ టైర్లూ యాక్సిలూ పాతవే. ఏడుగురి మీద ఇంకో ఇద్దర్ని ఎక్కించుకుని ఘాట్ ఎక్కితే సంచి ఏమీ కాపాడదు. పైన క్యారియర్ మీద మూటలు కట్టే అలవాటుంటే అది ముందు మానేయండి, సామానుకు ఇంకో బండి మాట్లాడుకోండి.