వర్క్‌షాప్‌లో గుడ్డ వాడాలా, పేపరా?
బెంగళూరు పీణ్యలోని చిన్న మెషిన్ షాపులో, దాని వాష్‌రూమ్‌లో తుడవడానికి ఏది మంచిదనే కదా మీరడిగింది.

మెషిన్ల దగ్గర గుడ్డే. పాత బనియన్ క్లాత్ గ్రీజుని బాగా లాగుతుంది, తడిసినా చిరగదు. ఇనుప రజను తుడిచిన గుడ్డ మాత్రం పారేయండి. ఉతికినా నూలులో ఇరుక్కున్న ముక్కలు పూర్తిగా పోవు. లేత్ బెడ్ (మెషిన్ కింది నున్నటి ఇనుప పట్టా) మీద గీతలు పెడతాయి, వేళ్లు కోస్తాయి. తిరిగే చక్ (లేత్‌లో పని ముక్కను పట్టుకుని తిప్పే భాగం) దగ్గరికి గుడ్డ తేవద్దు, చేతిని లాగేస్తుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని కుప్పగా వదిలితే వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. మూతున్న రేకు డబ్బాలో నీళ్లు పోసి ముంచండి. ఉతికేటప్పుడు సాఫ్టనర్ వద్దు, పీల్చే గుణం తగ్గుతుంది.

వాష్‌రూమ్‌లో చేతులు తుడుచుకోవడానికి పేపర్ టవలే. అందరికీ ఒకటే తువ్వాలంటే రోగాలు పంచినట్టే. వాడిన పేపర్‌ని కమోడ్‌లో వేయనివ్వకండి, పైపు మూసుకుపోతుంది.