గ్రూప్-2నా, కన్సల్టెన్సీనా? అమ్మాయి కంటే మీ టెన్షనే ఎక్కువగా ఉంది

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు. బీటెక్ తర్వాత పబ్లిక్ పాలసీలో పీజీ చేసింది. ఒక కన్సల్టెన్సీ కంపెనీ సచివాలయంలో నడిపే పీఎంయూలో (ప్రభుత్వ పథకాల పనులు చూసే ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ యూనిట్) ఉద్యోగం ఇస్తామంటోంది. తనేమో గ్రూప్-2కి చదువుతానంటోంది. ప్రభుత్వాఫీసులో తెలివంతా తుప్పు పడుతుందని మావారి భయం. సంబంధాలవాళ్లకు ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. ఏది మేలు? - ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అమ్మా, ఇంత చదివించింది మండలాఫీసులో కూర్చోబెట్టడానికా అన్నది మీ అసలు బాధ. ఇదే బాధతో నాకు చాలామంది రాస్తుంటారు. సిలబస్, పేపర్ల సంగతి అమ్మాయికి తెలుసు కాబట్టి వదిలేద్దాం.

ఫైలు కదలకపోతే అక్కడ తెలివైనవాళ్లు లేరనుకుంటాం. లంచం కోసం ఆపేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ సంతకం పెట్టిన అధికారికి ఏళ్ల తర్వాత కూడా ఆడిట్ అభ్యంతరం రావచ్చు, కోర్టు నుంచి పిలుపు రావచ్చు. నిర్ణయం తప్పయితే మెమో వస్తుంది, అసలు తీసుకోకపోతే అడిగేవాళ్లు తక్కువ. అందుకే తెలిసినవాళ్లు కూడా పైఆఫీసుకు రాసి ఊరుకుంటారు.

ఇక పీఎంయూ. పాలసీ చదివిన పిల్లలకు ఇప్పుడు ఇదే మోజు. పరీక్ష రాయకుండానే ప్రభుత్వాన్ని మార్చేయొచ్చట! నాకంత నమ్మకం లేదు. అక్కడ పని ఎక్కువగా రివ్యూ మీటింగులకు ప్రెజెంటేషన్లు, డ్యాష్‌బోర్డులు, టెండర్ కాగితాలు. నేర్చుకునేది ఉంది, కానీ నిర్ణయాలు రాసే నోట్ ఫైల్ మీద మీ అమ్మాయి సంతకం ఉండదు. స్కీమ్ ఆగినా, కంపెనీ కాంట్రాక్టు అయిపోయినా టీమంతా సర్దుకోవాల్సిందే.

ఇక ఆఫీసులో తెలివి తుప్పు పడుతుందన్న మీవారి భయం సంగతి. భూముల రికార్డుల పోర్టల్ ధరణి మీకు తెలియనిది కాదు. 2020 సెప్టెంబరులో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థ రద్దయింది, అక్టోబరు 29న పోర్టల్ వచ్చింది. రిజిస్ట్రేషన్‌తోపాటే మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) అయిపోవడం నిజంగా మేలే. కానీ విస్తీర్ణం తప్పుపడినా, పట్టా భూమి రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత జాబితాలోకి వెళ్లినా తహసీల్దార్ చేతిలో పెద్దగా ఏమీ లేక రైతులు కలెక్టరేట్ చుట్టూ తిరిగారు. చివరికి 2025లో భూభారతి చట్టంతో తహసీల్దార్లకు, ఆర్డీవోలకు సవరణ అధికారాలిచ్చారు, ఊళ్లకు గ్రామ పాలన అధికారులను వేశారు. పాత పహాణీ (ఏటా రాసే భూమి రికార్డు) చదివి, ఎక్కడ తప్పు జరిగిందో పట్టుకోవడం చిన్న తెలివితో అయ్యే పని కాదు. గ్రూప్-2లో వచ్చే నాయబ్ తహసీల్దార్ పోస్టు ఆ ఆఫీసులోదే. మీవారితో ఈ మాట చెప్పండి.

సంబంధాలవాళ్లకు ఏం చెప్పాలని అడిగారు. ఏమీ చెప్పకండి. వాళ్ల కోసం ఉద్యోగం ఎంచితే, రోజూ ఆఫీసుకు వెళ్లాల్సింది వాళ్లూ కాదు, మీరూ కాదు. అమ్మాయి ఏం కావాలో స్పష్టంగా చెబుతోంది. మీరు వినడం లేదు.

గ్రూప్-2లో నాకున్న భయం ఎదురుచూపుల గురించే. 2022 డిసెంబరులో 783 పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే, వాయిదాలు పడి పడి పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. అన్నాళ్లు ఇంట్లో కూర్చోబెట్టి, రోజూ ‘ఎప్పుడమ్మా’ అంటే ఎంతటివాళ్లయినా కుంగిపోతారు. 24 ఏళ్లకు వయోపరిమితి బెంగ అక్కర్లేదు. కాబట్టి ప్రస్తుతానికి పీఎంయూలో చేరి చదువుకోమనండి. చేరేముందు కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉందో, అది ముగిస్తే వేరే ప్రాజెక్టులోకి తీసుకుంటారో లేదో రాతపూర్వకంగా అడగమనండి. సాయంత్రం ఏడింటికైనా ఇంటికి రాలేని ఉద్యోగమైతే మాత్రం వద్దనండి, చదువు సాగదు.