అల్లుడూ, ఆ డబ్బాకు అడ్వాన్స్ ఇచ్చేముందు

అల్లుడూ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్తాంటే ఊ కొట్టినా గానీ రాత్రంతా అదే బుర్రలో తిరుగుతాండె. చెన్నైలో 20 అడుగుల కంటైనర్ చూసినావు, సోమవారం అడ్వాన్స్ ఇస్తావు, అనంతపురం తెచ్చి నీ 14 అడుగుల లారీ మీద పెట్టి ఇల్లు మాదిరి చేసుకోని లడఖ్ పోతావు. బాగుండాది. కడపలో 30 ఏండ్లు లారీ బాడీలు కట్టినా గానీ నేను కట్టిన బండ్లో నేను ఒక్క రాత్రి పడుకున్నేది లేదు, కాబట్టి వద్దని చెప్పను. అడ్వాన్స్ మాత్రం అప్పుడే ఇయ్యొద్దు.

ముందు టేపు తీస్కో. ఆ డబ్బా పొడవు 6.06 మీటర్లు, వెడల్పు 2.44, ఎత్తు 2.59. ఖాళీదే 2.2 టన్నులు తూగుతాది. నీ బండి వెనక చక్రాల ఇరుసు తర్వాత వేలాడే భాగం వీల్‌బేస్‌లో, అంటే ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరంలో, 60 శాతం దాటకూడదని రూలు, ఆ లెక్కన 20 అడుగులది ఆ బండి మీద కూర్చోదు. కూర్చోబెట్టినా ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ చేతికి రాదు. 10 అడుగులది కూడా దొరుకుతాది, టన్నూ పావు పైచిలుకు, నీకు అదే మేలు. 20 అడుగులదే కావాలంటే బండి మార్చాల్సిందే. హై క్యూబ్ అని ఇంకో అడుగు ఎత్తుండేది చూపిస్తారు, నిలబడేదానికి బాగుంటాది అంటారు, దాని జోలికి పోవద్దు, రైల్వే బ్రిడ్జీల కింద నీకే తెలిసొస్తాది.

ఇంక అసలు సంగతి. నులక మంచాన్ని ఎగుడుదిగుడు వాకిట్లో వేసి చూడు, నాలుగు కాళ్లూ ఆనుకుంటాయి. ఇనప మంచమేస్తే ఒక కాలు లేస్తాది. లారీ చాసిస్, అంటే బాడీ కింద ఉండే ఇనప చట్రం, నులక మంచం మాదిరి, కంటైనర్ ఇనప మంచం మాదిరి. గుంతలో ఒక చక్రం దిగితే చాసిస్ మెలి తిరగాల, తిరిగేదానికే దాన్ని అట్ల చేసినారు, నువ్వు దాని మీద మెలి తిరగని డబ్బాను యూ బోల్టులేసి బిగించినావనుకో, రెంట్లో ఒకటి పగులుతాది. నేను చేసినా ఈ తప్పు. శానా ఏండ్ల కిందట ఒకాయనకు మూసిన ఇనప బాడీ కట్టిచ్చి, గట్టిగుండాలని బోల్టులన్నీ బలంగా బిగించి పంపినా. మూన్నెల్లు గువ్వలచెరువు ఘాట్‌లో తిరిగి వచ్చినాక చూస్తే క్యాబిన్ వెనకమాల చాసిస్‌కు జానెడు చీలిక. ఆయన తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తుండాయి, ఆ పొద్దు మీ అత్త కూడా ఆయన పక్కే మాట్లాడింది.

కాబట్టి చాసిస్‌కూ డబ్బాకూ మధ్యలో ఒక సబ్‌ఫ్రేమ్, అంటే ఇంకో ఇనప చట్రం, కట్టాల. వెనక ఇరుసు దగ్గర గట్టిగా బిగించి, ముందు వైపు బోల్టులకు బలమైన స్ప్రింగులు తొడిగితే చాసిస్ మెలి తిరిగినప్పుడు సబ్‌ఫ్రేమ్ రోంత లేచి మళ్లీ కూర్చుంటాది. కంటైనర్ నాలుగు మూలల్లో ఇనప దిమ్మెలు ఉంటాయి చూడు, ఓడల్లో దాన్ని పట్టుకునేది వాటితోనే, నువ్వు కూడా ట్విస్ట్ లాకులతో, అంటే ఆ దిమ్మె రంధ్రంలో పెట్టి తిప్పితే పట్టుకునే గడియలతో, ఆడనే పట్టు. చాసిస్ రైలు, అంటే దాని పొడుగు దూలం మీద వెల్డింగ్ పెట్టొద్దు, పైరెక్కకూ కింది రెక్కకూ రంధ్రాలు వెయ్యొద్దు. డబ్బాకు వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ వైర్లు పీకు, లేకపోతే బండిలో ఉండే కంప్యూటర్ పోతాది.

కిటికీలకు ఆశపడొద్దు. ఆ మడతల రేకే దాని బలం, గోడ మందం చూస్తే సుమారు 2 మిల్లీమీటర్లే, నువ్వు కోసిన చోటల్లా చుట్టూ బాక్స్ పైపు ఫ్రేము వెయ్యాల, అంటే మళ్లా బరువే. రెండు కిటికీలు, పైన ఒక హ్యాచ్, పక్కన ఒక తలుపు, అంతే. తలుపు మాత్రం తప్పనిసరి, ఎందుకంటే కంటైనర్ వెనక తలుపులకు గడియలు బయటే ఉంటాయి. లోపల నువ్వు పడుకోని ఉండంగా ఎవడన్నా ఆడుకుంటూ గడియ వేసినాడంటే, అప్పుడు నీకు ఈ లేఖ గుర్తొస్తే లాభమేం లేదు.

నేల చెక్క కూడా చూసుకో. 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పురుగు పట్టకుండా మందు కొట్టింటారు, తలుపు మీద ఉండే ప్లేట్‌లో ఏ మందో రాసింటాది. ముందు ఏ సరుకు మోసిందో కూడా అడుగు, మూసిపెట్టి ఒక పూట ఎండలో ఉంచి వాసన చూడు. నేనైతే ఆ చెక్క పీకేసి కొత్తది వేస్తా.

మే నెలలో మన అనంతపురం ఎండకు ఆ డబ్బాలో పడుకుంటే ఉడికిపోతావు, లడఖ్‌లో ఏమో నువ్వు విడిచే ఊపిరే గోడకు నీళ్లై కారుతాది. రెంటికీ మందు ఒకటే, రేకు మడతల్లో కూడా సందు లేకుండా ఫోమ్ కొట్టించడం. సందుంటే ఆడ చెమ్మ చేరి నీకు కనపడకుండా తుప్పు పడతాది. లోపలి పలకలకు ఇనప పట్టీలు కాకుండా చెక్క పట్టీలు వెయ్యి, ఇనుమైతే బయటి వేడీ చలీ నేరుగా లోపలికొస్తాయి. పైన తెల్ల రంగు. గ్యాస్ సిలిండర్‌కు విడిగా పెట్టె కట్టి అడుగున రంధ్రం పెట్టు, వంట గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందికే దిగుతాది. నీళ్ల ట్యాంకు ఇరుసు దగ్గర, ఎంత కిందుంటే అంత మేలు, 300 లీటర్లంటే 300 కిలోలు, పైన పెడితే ఘాట్‌లో బండి ఊగుతాది.

కాయితాల సంగతి చివర్లో చూసుకుందామనుకుంటాండావేమో, అదే మొదట చూడాల. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని అడక్కుండా మార్చకూడదు. సరుకు బండి ఆర్‌సీ పెట్టుకోని లోపల మంచాలేసి తిరిగితే ఏదో ఒక చెక్‌పోస్టులో ఆపుతారు, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లకు సాకు దొరుకుతాది. డ్రాయింగ్ గీయించుకోని ముందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను కలువు, ఎంత బరువు, ఎన్ని సీట్లు, ఏ తరగతి బండి అని అడుగుతారు.

నిజం చెప్పాలంటే నాకు కంటైనరే ఇష్టం లేదు. అది ఓడలో ఒకదాని మీద ఒకటి పేర్చేదానికి కట్టింది, నీ మీద ఎవరూ ఏం పేర్చరు కదా, శాండ్‌విచ్ ప్యానెళ్లతో, అంటే రెండు పలచని పలకల మధ్య ఫోమ్ పెట్టిన వాటితో, కడితే చాలా తేలిక. అయినా నీకు ఆ డబ్బా మీదే మనసుంటే సరే, నేనేం అలగను.

ఆదివారం కడప రా. వచ్చేటప్పుడు బండిని కాటా మీద ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి తూకమేయించి ఆ చీటీ, ఆర్‌సీ జిరాక్స్ తెచ్చుకో. సబ్‌ఫ్రేమ్ బొమ్మ నేను గీసిపెడతా.

మీ మామ